గొట్టం తెగితే ఆగే బండి

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వాక్యూమ్ బ్రేకుల విభాగాన ముప్పై ఎనిమిది సంవత్సరాలు పనిచేసి, చివరి పదకొండేళ్ళు దానికి పెద్దగా ఉండి, విశ్రాంతి తీసుకున్న జకర్యాగారికి లోకంలో రెండు విషయాలను గురించి మాత్రం సందేహం లేదు. ఒకటి దేవుని కృప. రెండవది బ్రేకు గొట్టం. మొదటిదాన్ని గురించి ఆయన ఆదివారాలు మాత్రమే మాట్లాడేవారు.

రెండవదాన్ని గురించి పెళ్ళిళ్ళలో మాట్లాడారు, సమాధుల తోటలో మాట్లాడారు, మనుమరాలి బాప్తిస్మపు విందులో పాయసం గిన్నె చేతపట్టుకుని మాట్లాడారు. రైలుబండి పొడవునా ఒక గొట్టం పోతుంది. ఇంజను దానిలోని గాలిని ఎడతెగక పీలుస్తూ ఉంటుంది. ఆ శూన్యం నిలిచినంతసేపు బ్రేకులు చక్రాలను వదిలి ఒద్దికగా ఉంటాయి. ఎక్కడ గొట్టం తెగినా, ఎవరు గొలుసు లాగినా, బయటిగాలి జొరబడి, బ్రేకులు వాటంతటవే చక్రాలను బిగించి పట్టుకుంటాయి. నడిపేవాడు నిద్రపోయినా సరే, గొట్టం తెగిన బండి ఆగి తీరుతుంది. ఇందులో అసత్యం అక్షరమైనా లేదు. ఈ సత్యాన్ని పట్టాల మీదనే విడిచిరాక, ఇంటికి వెంట తెచ్చుకోవడంలో వచ్చింది జకర్యాగారి చిక్కంతా.

ఉద్యోగం మానిన మరుసటి ఏడు, అంటే ఎనభై ఏడులో, సీతాఫల్‌మండిలోని ఆయన ఇంటి ముందు ఒక లారీ ఆగి నాలుగు చెక్కపెట్టెలు దించింది. కారును విడిభాగాలుగా అమ్మే కంపెనీ ఒకటి పొరుగు రాష్ట్రంలో ఉంది. ఇనుప చట్రం, ఫైబరు తొడుగు, తలుపులు, సీట్లు వాళ్ళిస్తారు. ఇంజను, గేరుబాక్సు పాతబండి నుంచి మనం తెచ్చుకోవాలి. కూర్చే చేతులు మనవే.

"కారు అన్నారు, కారేదండీ?" అని అడిగారు ఆయన భార్య రోసమ్మగారు.

"అందులోనే ఉంది."

"వడ్లబస్తాలో పులిహోర ఉన్నట్టా?"

జకర్యాగారు అప్పటికే పెట్టె మూత ఊడదీసే పనిలో ఉన్నారు.

కంపెనీవారు ఒక పుస్తకం పంపారు. ప్రతి ఉదయం కుటుంబప్రార్థన ముగిశాక ఆయన దాన్ని కూడా అంతే భక్తితో తెరిచి, ఆనాటి భాగం చదివి, ఆ ప్రకారం నడుచుకునేవారు. చట్రాన్ని గురించిన పుటలు మూడుసార్లు చదివారు. తలుపు గొళ్ళేన్ని గురించి నాలుగుసార్లు చదివారు. బ్రేకు గొట్టాన్నీ పెట్రోలు గొట్టాన్నీ ఏ దారిన నడిపించాలో చెప్పే పుట రాగానే మందహాసం చేసి, పుట తిప్పారు. ముప్పై ఎనిమిదేళ్ళు గొట్టాలతో బతికినవాడికి గొట్టాన్ని గురించి చెప్పబూనిన ఆ పేరులేని రచయిత మీద ఆయనకు కోపం రాలేదు, జాలి కలిగింది.

పెడలు నుంచి వెనక చక్రాలకు పోయే సన్నని బ్రేకు గొట్టాన్ని ఆయన దగ్గరిదారి చూసి, చట్రం అడుగున, సైలెన్సరు గొట్టానికి రెండంగుళాల దూరంలో నడిపించారు. అడ్డం వచ్చిన ఇనుప పట్టీకి రంధ్రం తొలిచి, అంచు నునుపు చేయకుండా, రబ్బరు తొడుగు పెట్టకుండా, అందులోంచి దూర్చారు. పెట్రోలు గొట్టానికి వేరే ఆధారం దేనికని దాన్ని బ్రేకు గొట్టానికే జతచేసి, జానెడుకొక చోట రాగితీగతో కట్టారు. బ్రేకు గొట్టానికి కాపుదల అక్కరలేదన్నది ఆయన సిద్ధాంతం. దానికి ఆపద వస్తే బండి ఆగుతుంది. ఆగిన బండికి ఆపద ఏమిటి?

ఇంజను ఎక్కించడానికి సదాశివ వచ్చాడు. వీధి చివర రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ళుగా మోటారు బళ్ళు బాగుచేస్తున్నవాడు. ఇంజను దించి, బోల్టులు బిగించి, ఒకసారి అడుగున చూద్దామని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. రోసమ్మగారు తెచ్చిన టీ చల్లారిపోయింది.

"సార్, ఈ పైపులు ఎవలేసిన్రు?" అన్న గొంతు కింది నుంచి వినిపించింది.

"నేనే."

"తియ్యాలె సార్."

"ఎందుకు?"

"రెండు పైపులకు మీరు లగ్గం చేసిన్రు. పక్కకే సైలెన్సర్, పొయ్యి లెక్క కాగుతది. జెర ఆ పట్టీల బొక్క సూడున్రి, బ్లేడు ఉన్నట్టుంది. బండి వణికినప్పుడల్లా పైపును ఇంత ఇంత కోస్తది."

"కోయనీ."

"కోస్తే తెగుతది సార్."

"తెగనీ, సదాశివా. తెగితే ఏమవుతుంది?"

సదాశివ తల బయటపెట్టి ఆయన ముఖం చూశాడు. పరిహాసమాడుతున్నారేమోనని చూసినట్టున్నాడు. "బ్రేక్ పోతది."

"పోదయ్యా. పడుతుంది."

"గది రైలు సార్. రైల్ల గాలి తోటి పని. దీంట్ల నూనె. మీరు తొక్కితే నూనె ఉరికి పోయి చక్రాన్ని వత్తి పడ్తది. నూనె కారిపోయినంక ఇంకేం పడ్తది? దేవుడే పట్టుకోవాలె."

"అదే నేను కూడా చెప్పేది," అన్నారు జకర్యాగారు ప్రసన్నంగా.

"చేతి బ్రేక్ అన్న ఉన్నదా?"

"దాని తీగ పెట్టెలో రాలేదు. ఉత్తరం రాశాను."

సదాశివ చేతులు తుడుచుకున్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు. "రెండు దినాల పని సార్. మీరు ఊ అంటే షురూ చేస్తా. అనకుంటే మీ ఇష్టం. నేనైతే నా పెండ్లాన్ని ఈ బండిల కూసోబెట్టను."

ఆ మాట జకర్యాగారికి ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ళ మెకానిక్కు ముప్పై ఎనిమిదేళ్ళ బ్రేకుల పెద్దకు బ్రేకు నేర్పడమా? ఆయన ఈ వివాదాన్ని న్యాయసమ్మతంగా పరిష్కరించదలచి, దాన్ని తన పక్షాన తీర్పు చెప్పగల చోటికే తీసుకువెళ్ళారు.

వారి చర్చి సంఘపు కమిటీలో ఆరుగురు పెద్దలు. ఆరుగురూ రైల్వేలో పనిచేసి దిగినవారే. కార్యదర్శి లూకాగారు గూడ్సు బళ్ళ గార్డు. ఆర్థర్‌గారు ఇంజను డ్రైవరు. తక్కిన నలుగురిలో ఒకరు టిక్కెట్లు చూసినవారు, ముగ్గురు టిక్కెట్లు చూసినవారిని చూసినవారు. చర్చికి డెబ్బై అయిదేళ్ళు నిండే పండుగ దగ్గరపడింది. పండుగ ఆదివారం ఆరాధన ముగిశాక, ఎనభై మూడేళ్ళ మేబెల్ టీచరమ్మను సన్మానించి, జకర్యాగారి కొత్తకారులో ముందు సీటున కూర్చోబెట్టి, వెనక రోసమ్మగారిని తోడుంచి, ఊరేగింపుగా దిగుడు దారిన బడి మైదానానికి, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు తీసుకువెళ్ళాలని తీర్మానం అయింది. ఆ సంఘంలో చదువు వచ్చిన ఆడవాళ్ళలో సగంమందికి టీచరమ్మ నేర్పిందే.

తీర్మానానికి అనుబంధంగా సంయుక్త తనిఖీ జరిగింది. ఆరుగురు పెద్దలు ఒకరి వెనక ఒకరు వంగి బండి అడుగుకు చూశారు. వంగలేని ఇద్దరు వంగినవారి మాట మీద చూశారు. జకర్యాగారు సిద్ధాంతం వివరించారు. గార్డుకు ఇది తెలిసిన సంగతే, డ్రైవరుకు అనుభవమే. "ఆ మెకానిక్కుకు వాక్యూమ్ సంగతి ఏం తెలుసు పాపం," అని అందరూ సదాశివ మీద కనికరపడ్డారు. బ్రేకు గొట్టం తెగిన పక్షంలో వాహనం దానంతటదే ఆగునని, కనుక ప్రయాణానికి యోగ్యమని కాగితం రాసి, ఆరుగురూ సంతకాలు పెట్టి, తేదీ వేశారు.

కాగితం జేబులో పెట్టుకున్నాక నిశ్చింతగా ఉండవలసిన మనిషికి నిశ్చింత లేకపోయింది. నా పెండ్లాన్ని కూసోబెట్టను అన్న మాట ప్రార్థనలో కూడా వినబడుతోంది. సదాశివ నోరు మూయించడానికి ఒక్కటే మార్గం తోచింది: గొట్టం విప్పి, చక్రం బిగుసుకోవడం తన కళ్ళతో చూసి, ఆ తరవాత వాణ్ణి పిలిచి చూపడం. పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, రోసమ్మగారిని డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు.

"కూర కుంపటి మీద ఉందండీ."

"అయిదు నిమిషాలు. నొక్కమన్నప్పుడు నొక్కు."

ఆయన కిందికి దూరి, చక్రం దగ్గరి మర వదులు చేశారు. పలుచని నూనె బొట్లు బొట్లుగా, తరవాత ధారగా కారింది. గొట్టం తెగినట్టే లెక్క. జకర్యాగారు ముప్పై ఎనిమిదేళ్ళ నమ్మకంతో చెయ్యి చాచి చక్రాన్ని తిప్పారు. అది తిరిగింది.

"నొక్కు, రోసమ్మా."

"నొక్కాను."

చక్రం తిరుగుతూనే ఉంది.

"గట్టిగా నొక్కు."

"ఇంకెక్కడ నొక్కను? కాలు కిందికి పోయింది. తడిపిన పిండిలో పెట్టినట్టుంది."

ఆయన మళ్ళీ తిప్పారు. ఇంకోసారి తిప్పారు. చక్రం ఎంతో హాయిగా, ఏ అడ్డూ లేక, చిన్నపిల్లల రంగులరాట్నంలా తిరిగింది. ఆయన దాన్ని ఆపలేదు. అదే ఆగేదాకా చూస్తూ పడుకున్నారు. అప్పుడు కళ్ళద్దాలు సరిచేసుకుని, ఇనుప పట్టీ దగ్గర గొట్టాన్ని చూశారు. సందులో అటూ ఇటూ పదిరోజులు నడిపినందుకే, రంధ్రపు అంచు తాకినచోట, గోటితో గీసినట్టు మెరిసే గాడి పడి ఉంది. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది.

"ఏమైందండీ?"

"ఏమీ లేదు. కూర చూసుకో."

రోసమ్మగారు దిగలేదు. కిటికీలోంచి తల వంచి, బండి కింద వెల్లకిలా పడి ఉన్న భర్తను చూశారు. "ఏమీ లేకపోతే మీరు ఇంతసేపు మాట్లాడకుండా ఉండరు," అని, అప్పుడు దిగి వెళ్ళారు.

శనివారం ఉదయం, మర మళ్ళీ బిగించి నూనె నింపుతుండగానే, లూకాగారు నలుగురు మనుషులతో, బంతిపూల దండలతో వచ్చారు. అలంకరించడానికి బండిని చర్చి ఆవరణకు తోసుకుపోతామన్నారు.

"లూకా, ఇంకా కొంచెం పని మిగిలింది," అన్నారు జకర్యాగారు.

"ఏం పనన్నా?"

"బ్రేకు గొట్టం."

"దానికేమైంది?"

జకర్యాగారి నోటిదాకా వచ్చింది. కాని ఆ నలుగురు మనుషులూ వింటున్నారు. జేబులో కాగితం ఉంది. "కొంచెం అరిగింది," అన్నారు.

"అరగనీయండి. తెగితే ఆగుతుంది కదా. మీరే గదా చెప్పారు. నిన్న మా ఇంట్లో మా ఆవిడక్కూడా చెప్పాను. ఆమెకు కూడా వచ్చేసింది."

"రేపు నేను నడపలేనేమో."

"అయ్యో, దానికేం. ఆర్థర్ అన్న నడుపుతాడు. ఎప్పట్నుంచో చేతులు దురద పెడుతున్నాయంటున్నాడు."

బండి పూలదండలతో వీధి మలుపు తిరిగిపోయింది. తాను నాటిన బోధ ఇంతగా వేళ్ళూనిందని తెలిసినందుకు ఏ బోధకుడైనా సంతోషించాలి. జకర్యాగారు అరుగు మీద కూర్చుండిపోయారు. భోజనానికి లేవలేదు. రోసమ్మగారు కంచం తెచ్చి పక్కన పెట్టి అడిగితే, అంతా చెప్పారు.

ఆమె మొత్తం విన్నారు. "మేబెల్ టీచరమ్మకు ఆ దిగుడులో కారు ఆగక ఉరుకుతున్నా బయటికి దూకడానికి చేతకాదు," అన్నారు. "నేనంటారా, మిమ్మల్ని చేసుకున్నదాన్ని, నా సంగతి వదిలెయ్యండి."

"రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు అంతా చెప్పేస్తాను."

"చెప్పండి. వాళ్ళు వినేటట్టు చెప్పండి."

ఆ చివరి మాట ఎందుకన్నారో ఆయనకు మరునాడు గాని తెలియలేదు.

ఆ సంఘంలో సాక్ష్యం చెప్పేవారు ముందుగా తమను తాము తగ్గించుకోవడం ఆచారం. తగ్గించుకోవడం ఎంత ఎక్కువైతే మనిషికి గౌరవం అంత ఎక్కువ. ఆ ఆదివారం ఆర్థర్‌గారు లేచి తాను దుమ్మునన్నారు. లూకాగారు లేచి, దుమ్మైనా ఇల్లు కట్టడానికి పనికివస్తుంది, తాను అంతమాత్రం కూడా కానన్నారు. టిక్కెట్లవారు నలుగురూ మిగిలిన నికృష్ట పదార్థాలను పంచుకున్నారు. పండుగ పూట కనుక అందరూ కొంచెం ఎక్కువగానే హీనులయ్యారు. అప్పుడు అయ్యగారు, అంటే పాస్టరుగారు, జకర్యాగారిని పిలిచారు.

ఆయన నిలబడ్డారు. "సంఘస్థులారా, బ్రేకు గొట్టం విషయంలో నేను మీకు తప్పు చెప్పాను," అన్నారు.

"ఆమేన్," అంది సంఘం తృప్తిగా.

"మాట వరసకు కాదు. నిజంగా తప్పు. రైలు గొట్టం తెగితే బండి ఆగుతుంది. ఈ కారు గొట్టం తెగితే ఆగదు. అది సగం తెగే ఉంది. వేసింది నేనే. సదాశివ అనే మెకానిక్కు నాకు చెప్పాడు, నేను వినలేదు. అతనికి తెలిసినంత నాకు తెలియదు."

వెనక వరసలో ఎవరో ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది. మరొకరు పాట ఎత్తుకున్నారు. "టీచరమ్మ ఆ కారు ఎక్కకూడదు," అన్న మాట ఆ పాటలో కలిసిపోయింది. పాట అయ్యాక అయ్యగారు లేచి, కంఠం సవరించుకుని, "చూశారా?" అన్నారు. "మనమందరం మనల్ని తగ్గించుకున్నాం. ఈయన తన చేతిపనిని కూడా తగ్గించుకున్నారు. ఒక మెకానిక్కును తనకంటే పెద్దవాడిగా ఎంచుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి." కమిటీవారు అప్పటికప్పుడు, మేబెల్ టీచరమ్మకని తెచ్చిన రెండు శాలువలలో ఒకటి తీసి ఆయన భుజాల మీద కప్పారు.

ఆయన రోసమ్మగారి వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపి, తలుపు వైపు కళ్ళతో చూపించారు.

బయట ఆవరణలో పూలకారు మెరుస్తోంది. ఆర్థర్‌గారు తలుపు పట్టుకుని ఉన్నారు. మేబెల్ టీచరమ్మ చేతికర్ర ముందు సీట్లో పెట్టి, ఒక కాలు లోపల పెట్టబోతున్నారు. వాళ్ళ ముందే జకర్యాగారు తెల్లకోటుతో, శాలువతో, కంకర నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరారు. ముందుగా రాగితీగలు విప్పి పెట్రోలు గొట్టాన్ని దూరంగా తొలగించారు. తరవాత గాడి పడినచోట బ్రేకు గొట్టాన్ని రెండు చేతులా పట్టి వంచారు. రెండుసార్లు వంగింది. మూడోసారి తెగింది.

లేచి నిలబడేసరికి శాలువ మీదుగా నూనె కారుతోంది. "టీచరమ్మా, కాలు తీయండి," అన్నారు. "లూకా, ఎక్కి కూర్చో. ఇప్పుడు గొట్టం తెగింది. బ్రేకు దానంతటదే పడి ఉండాలి. అది చాలకపోతే నువ్వు కూడా తొక్కు."

లూకాగారు ఎక్కారు, తొక్కారు. జకర్యాగారు వెనక నుంచి ఒంటి చేత్తో తోశారు. బండి కదిలింది. లూకాగారు మళ్ళీ తొక్కారు, తరవాత రెండు కాళ్ళతో తొక్కారు. బండి బంతిపూలు రాలుస్తూ, తొందర లేకుండా, స్వాగతద్వారం కట్టిన గుడ్డను ముక్కుతో చించుకుని, గోడ పని కోసం పోసిన ఇసుకకుప్పలోకి వెళ్ళి నిలిచింది.

లూకాగారు సీట్లోనే కూర్చుని, ముఖం మీది గుడ్డముక్క తీసుకున్నారు.

"తెంచింది మీరు కదన్నా," అన్నారు చివరికి. "కమిటీ చూసినప్పుడు తెగలేదు."

"తెగితే ఆగుతుందని కదా సంతకం పెట్టాం," అన్నారు ఆర్థర్‌గారు నెమ్మదిగా.

"ఆగింది కదా మరి."

"ఇసుక తగిలి ఆగింది, లూకా."

"ఏది తగిలితే ఏమన్నా. ఆగిందా లేదా?"

మేబెల్ టీచరమ్మ చేతికర్ర తెప్పించుకున్నారు. "లూకా, పోయి ఆటో పిలువు."

"ప్రోగ్రాములో ఆటో లేదు టీచరమ్మా."

"నా చావు కూడా ప్రోగ్రాములో లేదు. పిలువు."

ఆటోలో ఆమె, రోసమ్మగారు ప్రేమవిందుకు వెళ్ళారు. కమిటీ మాత్రం విందు చల్లారుతున్నా చర్చి పక్కనున్న వెస్ట్రీ గదిలో అత్యవసరంగా సమావేశమై, గొట్టం తెగిన పిమ్మట వాహనం పదిహేడు అడుగుల దూరంలో ఆగిందని పుస్తకంలో రాసుకుంది. అడుగులు కొలిచింది గార్డే కనుక లెక్కలో పొరపాటు లేదు. జకర్యాగారిని సంతకం పెట్టమన్నారు. ఆయన పెట్టలేదు. మరుసటి నెల నుంచి సాక్ష్యాల జాబితాలో ఆయన పేరు లేదు. అహంకారి అయ్యాడని చెప్పుకున్నారు.

సోమవారం పొద్దున ఆయన సదాశివ షెడ్డుకు వెళ్ళారు. సంగతి అప్పటికే వీధంతటికీ తెలుసు. సదాశివ నవ్వలేదు. కుర్చీ వేయబోయి, ఆయన బట్టలు చూసి మానుకున్నాడు. పాత పనిబట్టలు వేసుకొచ్చారు.

"నువ్వు వెయ్యవద్దు. ఎట్లా వెయ్యాలో చెప్పు. నేను వేస్తాను," అన్నారు జకర్యాగారు.

"కొట్లాట పెట్టొద్దు మరి."

"పెట్టను."

ఇసుకలోంచి లాగి షెడ్డుకు తోసుకొచ్చిన బండికి కొత్త గొట్టాన్ని సైలెన్సరుకు అవతలి వైపున, చట్రం కడ్డీ లోపలి గోడను ఆనించి, రాళ్ళు తగలని ఎత్తులో పోనిచ్చారు. రంధ్రం అంచును ఆకురాయితో నునుపు చేసి రబ్బరు తొడుగు దిగ్గొట్టారు. పెట్రోలు గొట్టానికి వేరే దారి, వేరే పట్టీలు. ముందు చక్రం దగ్గర రబ్బరు గొట్టం బిగుతుగా ఉందేమోనని, సదాశివ స్టీరింగును ఆ చివరిదాకా, ఈ చివరిదాకా తిప్పించి చూశాడు. ఒక పక్క తిప్పినప్పుడు అది చక్రాన్ని రాసుకుంటోంది. జకర్యాగారు పట్టీ మార్చి బిగించారు. సదాశివ మళ్ళీ తిప్పించాడు, వేలు పెట్టి తడిమి చూశాడు.

"ఇంకా తగుల్తున్నది సార్. తియ్యున్రి."

జకర్యాగారు స్పానరు కోసం చెయ్యి చాచారు.